హోటల్ హాల్లో మేకవెంట్రుకల గుడారం

మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో భోజనాలు పెడతారు. ఆమధ్య ఒక ఆదివారం పులిహోర ప్లేటు పట్టుకుని స్నేహ అనే అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఇక్కడే న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల.

"ఆంటీ, నాకు జాబ్ వచ్చింది. ఫౌండేషన్‌లో. కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్, కల్చరల్ హెరిటేజ్. మీరు సేమ్ వర్క్ చేశారు కదా? ఫస్ట్ నేను ఏం చదవాలి?"

"ముందు అన్నం తిను" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ జవాబు చాలదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నానో ఇందులో చెప్పను. ఆ పదవుల పేర్లలో సగం నాకే అర్థం కాలేదు.

నిపుణురాలినయిన విధం

మా ఆయన ప్రభాకర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో హెచ్‌వన్‌బీ మీద వచ్చాడు. నేను ఆయన వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసే హక్కు లేకుండా పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి పార్కింగ్ లాట్ చూస్తూ గడిపాను. గ్రీన్‌కార్డ్ వచ్చిన మర్నాడే ఉద్యోగాల వేట మొదలుపెట్టాను. హైవే పక్కన ఒక ఆఫీసుల సముదాయంలో, పళ్ల డాక్టరు పైఅంతస్తులో ఉన్న ఫౌండేషన్ వాళ్లు ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలన్నారు.

ఇంటర్వ్యూ చేసినాయన డైరెక్టర్ గ్రెగ్. పెళ్లికి ముందు నేను కువైట్‌లో ఒక స్కూల్ లైబ్రరీలో పనిచేశానని కాగితంలో చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"అరబిక్ వచ్చా?"

"కూరగాయలు బేరమాడగలను. పిల్లల్ని వరసలో నిలబెట్టగలను. నోరు ముయ్యమని మూడు రకాలుగా చెప్పగలను."

"ఫెంటాస్టిక్!" అన్నాడు.

ఏడాది తిరక్కుండా నేను మధ్యప్రాచ్య సంస్కృతుల నిపుణురాలినయ్యాను. నరసాపురంలో పుట్టినదాన్ని. మా ఊరినుంచి చూస్తే ఆ మధ్యప్రాచ్యం పడమటి దిక్కున ఉంటుంది. కానీ నిపుణురాలికి దిక్కులతో పనేముంది?

గ్రెగ్ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. ఒకప్పుడు ఎడారిలో నాలుగు రోజులు ఉండి వచ్చాడు. ఆ నాలుగు రోజుల గురించి నేనున్నన్నాళ్లూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఎడారిలో సంచరించే అరబ్బు జాతులైన బెదూయిన్ల సంస్కృతి అంతరించిపోతోందని చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లు తిరిగే సమయంలో ఎవరైనా బెదూయిన్ గదిలో ఉంటే మాత్రం ఆయనకు కాస్త ఇబ్బందిగా ఉండేది.

వాళ్లడిగింది, మేమిచ్చింది

మా పని జోర్డాన్ దక్షిణాన ఒక ఊళ్లో, నేత నేసే బెదూయిన్ ఆడవాళ్ల సంఘంతో. గుడారాల ఊరు కాదు. సిమెంటు ఇళ్లు, నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు. కొన్ని ఇళ్ల పక్కన అతిథుల కోసం మేకవెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం ఉంటుంది. మా బ్రోచర్ ఫొటోగ్రాఫర్ సిమెంటు ఇళ్లు రాకుండా గుడారాన్ని ఫొటో తీయడానికి పొట్ట మీద పడుకునేవాడు.

సంఘానికి పెద్ద ఉమ్ ఖాలిద్. అంటే ఖాలిద్ తల్లి అని. అక్కడ ఆడమనిషిని పెద్దకొడుకు పేరుతో పిలవడం మర్యాద. యాభై దాటిన మనిషి, తక్కువ మాటలు, నేల మీద పరిచిన మగ్గం ముందు కూర్చుంటే లేవదు. ఆమె మేనకోడలు నౌఫ్‌కి ఇంగ్లీషూ వచ్చు, డ్రైవింగ్ లైసెన్సూ ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు, మాకు నేర్పిన ప్రశ్నే అడిగాను. "మీకేం కావాలి?"

"వ్యాన్" అంది ఉమ్ ఖాలిద్.

"ఇంకా?"

"ఇంకేం వద్దు. ఇళ్లు దూరాలు. బస్సు లేదు. ఆడవాళ్లు ఎండలో నడవాలి, లేకపోతే ఎవరి తమ్ముడో దింపేదాకా కూర్చోవాలి. వ్యాన్ ఉంటే నౌఫ్ నడుపుతుంది. అందరం వస్తాం. అందరం వస్తే నేస్తాం."

ఇంత స్పష్టమైన ప్రాజెక్టు రిపోర్టు నేను ఆ తర్వాత ఎప్పుడూ చదవలేదు. తిరిగొచ్చి గ్రెగ్‌కి చెప్పాను.

"మనం వాహనాలకు ఫండ్ చేయం, రూత్. మనది హెరిటేజ్."

కాబట్టి హెరిటేజ్ ఇచ్చాం. నేత గదిలో ఒక మూలకి 'వారసత్వ మూల' అని పేరు పెట్టి అద్దాల పెట్టె పెట్టించాం. అందులో పెట్టడానికి పాత వస్తువు కావాలంటే ఉమ్ ఖాలిద్ కదురు దొరికింది. ఆమె రోజూ నూలు వడికేది దానితోనే. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మా కన్సల్టెంట్ జేబులో వేసుకుని విమానమెక్కేశాడు. అది తిరిగొచ్చేవరకూ, మూడు నెలలపాటు, ఆమె తన కదురుని అద్దంలోంచి చూసింది. మా వార్షిక నివేదికలో దీన్ని 'పరిరక్షణ' అన్నాం.

ఆత్మవిశ్వాసం పెంచే వర్క్‌షాప్ కూడా పెట్టాం. మందలు మేపి, పిల్లల్ని పెంచి, ఇద్దరు మరుదుల మధ్య ఏళ్లనాటి తగువు తీర్చిన మనిషికి ఆత్మవిశ్వాసం అనే మాటను నేను నా వంటింటి అరబ్బీలో వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "ఇది మగవాళ్ల కోసమా?" అని అడిగింది.

అయినా మేం వెళ్లిన ప్రతిసారీ అన్నం పెట్టింది. ఆరేళ్లు వెళ్లాను.

నా చేతులతో చేసిన తప్పు

ఇంతవరకూ వెక్కిరించింది ఇతరులను. ఇప్పుడు నా వంతు.

మా అమ్మ లేసు అల్లేది. మా వైపు చర్చిల్లో చాలామంది ఆడవాళ్లకు అదే పని. ఎవరో దొరలు వచ్చి అమ్మ చేతులను ఫొటో తీసి క్యాలెండర్‌లో వేశారు. కింద 'సంతోషంగా పనిచేస్తున్న స్త్రీ' అని రాశారు. ఆ రోజు అమ్మకు జ్వరం. ఆ క్యాలెండర్ చూసినప్పుడల్లా అమ్మ నవ్వేది, నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇంత తెలిసినదాన్ని, అయినా ఏం చేశానో చూడండి.

ఒక మధ్యాహ్నం నేత గదిలో ఉమ్ ఖాలిద్ ఒక్కతే ఉంది. నేస్తూ సన్నగా ఏదో పాడుతోంది. "వీడియో తీసుకోనా?" అని చేతుల వైపు చూపించాను. తల ఊపింది. చేతుల కోసం తీశాను, పాట కూడా వచ్చింది. నాకు 'ఒంటె', 'దారి', 'తిరిగి రాలేదు' అనే మూడు మాటలు తెలిశాయి. ఆఫీసు ఫోల్డర్‌లో పెట్టి, 'ఒంటెల ప్రయాణం గురించి నేత పాట' అని పేరు రాశాను. ఎవర్నీ అడగలేదు. నిపుణురాలిని కదా.

అంతకుముందే అందరి చేతా ఒక అనుమతి పత్రం మీద సంతకాలు పెట్టించి ఉన్నాను. ఇంగ్లీషులో ఉంది. మేం తీసే బొమ్మ, గొంతు, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు కనిపెట్టబోయేవీ అయిన అన్ని మాధ్యమాల్లో, విశ్వమంతటా వాడుకోవచ్చని దాని సారాంశం. విశ్వమంతటా! అంగారకుడి మీద కూడా ఉమ్ ఖాలిద్ అభ్యంతరం చెప్పకూడదన్నమాట. "ఇదేమిటి?" అని ఆమె అడిగితే, "ఆఫీసు కాగితం" అన్నాను. ఆమె నన్ను నమ్మింది, సంతకం పెట్టింది.

శనివారం విందు

ఆ ఏడాది ఫౌండేషన్ వార్షిక విందుకు ఉమ్ ఖాలిద్‌ని, నౌఫ్‌ని పిలిపించారు. హైవే పక్కన పెద్ద హోటల్, మధ్యాహ్న భోజనం. వాళ్లిద్దరికీ హోటల్లో గది తీశారు కానీ ఉమ్ ఖాలిద్ వినలేదు. "నువ్వు మా ఇంట్లో తిన్నావు, నేను నీ ఇంట్లో తినాలి" అని మా ఇంటికే వచ్చింది. ప్రభాకర్ చేసిన పప్పుచారు రెండుసార్లు వడ్డించుకుంది.

విందు హాల్లో గ్రెగ్ గుడారం వేయించాడు. అసలైనదే, వాళ్లు నేసిందే. అయితే అగ్నిమాపక నిబంధనల ప్రకారం దానికి ఏదో మందు కొట్టాలట. కొట్టారు. గుడారం కొత్త ప్లాస్టిక్ బకెట్‌లా వాసన వేసింది. కార్పెట్‌లో మేకులు దిగవు కాబట్టి తాళ్లను ఇసుక సంచులకు కట్టారు. లోపల నిప్పు బదులు నారింజరంగు గుడ్డముక్కల కింద బ్యాటరీ దీపాలు. కాఫీ హోటల్ వంటగదిలో కాచి ఫ్లాస్కులో తెచ్చారు.

ఉమ్ ఖాలిద్ పైకప్పు వంక చూసి, "ఇక్కడ ఎండా లేదు, గాలీ లేదు. గుడారం దేనికి?" అంది.

"అతిథుల కోసం" అన్నాను.

"సరే అయితే" అని లోపల కూర్చుంది. అతిథులంటే ఆమెకు అది చాలు.

జనం వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ముత్యాలదండ వేసుకున్న ఒకావిడ నౌఫ్‌ని, "మీరు ఇలాంటి దాంట్లోనే ఉంటారా?" అని జాలిగా అడిగింది.

"లేదండీ, ఇంట్లో ఉంటాం. ఇది గెస్టుల కోసం. మీరు గెస్టులు. కూర్చోండి" అంది నౌఫ్.

సలాడ్ వడ్డించాక దీపాలు తగ్గించి వీడియో వేశారు. మగ్గం, చేతులు, ఇసుక, సూర్యాస్తమయం. దాని కింద సంగీతంగా ఆ పాట. తెర మీద 'సంతోషంగా నేస్తున్న మహిళలు' అని అక్షరాలు. నాకు అప్పుడు కూడా ఏమీ తట్టలేదు.

కప్పులో కాఫీ పోస్తున్న ఉమ్ ఖాలిద్ చెయ్యి ఆగిపోయింది.

"రూత్. ఇది నీకెక్కడిది?"

"మీ నేత పాటేగా" అన్నాను నవ్వుతూ.

"నేత పాట కాదు. ఖాలిద్ పాట."

ఆమె ముఖం చూసి నవ్వడం ఆపేశాను. ఆరేళ్లుగా ఆ మనిషిని ఖాలిద్ తల్లీ, ఖాలిద్ తల్లీ అని పిలుస్తున్నాను. ఖాలిద్ ఏడీ అని ఒక్కసారి కూడా అడగలేదు. నౌఫ్ నా చెవిలో ఇంగ్లీషులో చెప్పింది. ఖాలిద్ లారీ డ్రైవర్. రేవుకి వెళ్లే దారిలో ప్రమాదంలో పోయాడు. నేను ఆ ఊరికి మొదటిసారి వెళ్లడానికి ఏడాది ముందే. అది అతని కోసం తల్లి కట్టుకున్న ఏడుపు పాట. ఒంటరిగా ఉన్నప్పుడే పాడుకుంటుంది.

హాల్లో ఆ ఏడుపు వినిపిస్తోంది, జనం ఆకులు నములుతున్నారు.

సౌండ్ చూసేవాడి బల్ల దగ్గరకు పరుగెత్తాను. "ఆపు."

"మేడమ్, ఇంకా నాలుగు నిమిషాలుంది. గ్రెగ్ చెబితేనే ఆపుతాను."

గ్రెగ్ వేదిక పక్కనుంచి నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు. అంతా బ్రహ్మాండంగా జరుగుతోందని.

వైరు లాగాను. మొదట లాగింది తప్పు వైరు. డెజర్ట్ బల్ల దగ్గర దీపాలు ఆరిపోయాయి. రెండోది లాగితే తెర నల్లబడింది, పాట ఆగింది. ఫోర్కుల చప్పుడు మాత్రం మిగిలింది.

వెనక్కి వచ్చేసరికి ఉమ్ ఖాలిద్ వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. వెళ్లలేదు. గుడారంలో ఇద్దరు ముసలివాళ్లు కప్పులు పట్టుకుని బిక్కమొహాలతో కూర్చున్నారు. ఆమె వాళ్లకు కాఫీ పోస్తోంది.

"లేచి వెళ్దాం రండి" అన్నాను.

"లోపలికి వచ్చినవాళ్లను కాఫీ లేకుండా పంపకూడదు" అంది. వాళ్లు తాగాక కప్పులు సర్దింది. అప్పుడు లేచింది.

సోమవారం

ఆ ఆదివారం ప్రభాకర్‌తో మాట్లాడాను. అప్పుడు ఆయనకు ప్రాజెక్టు లేదు, ఇంట్లో ఉన్నాడు. ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీదే.

"వీడియో తీసేయమంటే గ్రెగ్ వినకపోతే రిజైన్ చెయ్యాల్సొస్తుందేమో" అన్నాను.

ఆయన టీ కలుపుతున్నాడు. "ఇన్సూరెన్స్ నీ మీదుందన్న మాట నిజవే. ఆవిడ మనింట్లో అన్నం తిన్నదన్నదీ నిజవే. వెళ్లి చెప్పాల్సింది చెప్పు."

సోమవారం గ్రెగ్ గదిలోకి వెళ్లాను. వైరు ఎందుకు లాగానో శనివారమే చెప్పాను కాబట్టి తిడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"రూత్, మన చరిత్రలోనే అత్యంత శక్తిమంతమైన క్షణం అది! అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. వెళ్లేలోపు ఆమె కొడుకు కథ కెమెరా ముందు చెబుతుందా? దుఃఖం యూనివర్సల్ కదా."

నేను కూర్చున్నాను.

"ఆ వీడియో తీసేయాలి గ్రెగ్. అన్నిచోట్ల నుంచీ."

"మనకు సంతకం ఉంది."

"ఆ సంతకం నేను పెట్టించాను. అందులో ఏముందో ఆమెకు చెప్పలేదు. చెప్పేంత అరబ్బీ నాకు రాదు. ఎప్పుడూ రాలేదు. మీరు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజే చెప్పాను, మీరు ఫెంటాస్టిక్ అన్నారు."

"ఆ వీడియో అలాగే ఉంటే, సంతకం ఎలా పెట్టించానో రాసి బోర్డు సభ్యులందరికీ పంపుతాను. నా పేరుతోనే. తప్పు నాదే."

"నువ్వు టీమ్ ప్లేయర్‌వి అనుకున్నాను" అన్నాడు చివరికి. తిట్టు కాదు అది. నిజంగా నొచ్చుకున్నాడు.

బుధవారానికి వీడియో పోయింది. ఆ తర్వాతి నెలలో నా బల్ల ప్రింటర్ పక్కకు మారింది, పదవి పేరు ఇంకా పొడుగైంది. ఉద్యోగం మాత్రం ఉంది. ఇలాంటివి జరిగినప్పుడు ఉద్యోగం తప్పక పోతుందని భయపడతాం. చాలాసార్లు కుర్చీ జరుగుతుంది, అంతే. ఆ భయంతోనే ఎన్నో ఏళ్లు నోరు మూసుకున్నానని అప్పుడు తెలిసి సిగ్గేసింది.

నెవార్క్ దారి

మంగళవారం వాళ్ల ప్రయాణం. నెవార్క్ ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. ఉమ్ ఖాలిద్ ముందు సీట్లో, నౌఫ్ వెనక. నేను క్షమాపణ ఇంగ్లీషులో రాసుకుని నౌఫ్ చేత అరబ్బీలోకి మార్పించి పెట్టుకున్నాను. అది చదవబోయి మానేశాను.

"ఖాలిద్ ఎలాంటివాడు?" అని అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. అప్పుడు మొదలుపెట్టింది. ఎయిర్‌పోర్టు దాకా ఆపలేదు. నాకు అర్థం కానిచోట నౌఫ్ చెప్పింది. ఖాలిద్‌కి కోళ్లంటే భయమట. అంత లారీ నడిపేవాడు, పెరట్లో కోడి అడ్డొస్తే తల్లిని కేకేసేవాడట. టీలో పంచదార ఎంత వేసినా చాలదట. పెళ్లిళ్లలో గొంతెత్తి పాడితే స్నేహితులు చెవులు మూసుకునేవారట. ఇది చెబుతూ ఆమె నవ్వింది. ఆరేళ్లలో ఆమె నవ్వుతుంటే పళ్లు కనిపించడం నాకు అదే మొదటిసారి.

డిపార్చర్స్ దగ్గర కారాపి ఫోన్ తీశాను. "అసలు వీడియో ఇందులో కూడా ఉంది. ఇప్పుడే మీ ముందే తీసేస్తాను."

"ఆగు" అంది నా చెయ్యి పట్టుకుని. "నా దగ్గర లేదు అది. నా గొంతు పోతోంది, ఎప్పుడో మరిచిపోతానని భయం. ముందు నాకు పంపు. తర్వాత తీసెయ్యి."

వాట్సాప్‌లో పంపాను. ఆమె ఫోన్ టింగుమంది. ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని వింది. కారు తీయమని పోలీసు కిటికీ మీద తట్టాడు. చెయ్యి అడ్డంపెట్టి ఒక్క నిమిషం అన్నాను. ఆమె తల ఊపాక నా ఫోన్‌లోంచి తీసేశాను. నేను చేసిన వారసత్వ పరిరక్షణ మొత్తంలో పనికొచ్చింది ఇదొక్కటే. ఇది ఏ నివేదికలోనూ లేదు.

సంచార వారసత్వ వేదిక

కొన్ని నెలలకు నౌఫ్ రాసిన ఉత్తరం వచ్చింది. ఇకపై వర్క్‌షాపులు వద్దు, ఫొటోలు వద్దు, అద్దాల పెట్టెలో నూలు ఉండలు పెట్టుకుంటున్నాం, వ్యాన్ ఇస్తే ఇవ్వండి లేకపోతే సలాం అని సారాంశం.

ప్రింటర్ పక్కన కూర్చునేవాళ్లకు ఆలోచించడానికి తీరిక ఉంటుంది. కొత్త ప్రతిపాదన రాశాను. 'సంచార వారసత్వ వేదిక' అని పేరు పెట్టాను. చెల్లాచెదురుగా ఉన్న సాంస్కృతిక నిపుణులను ఒకచోట చేర్చే, స్థానిక మహిళ నాయకత్వంలో నడిచే, ఎక్కడికైనా వెళ్లగలిగే వేదిక. స్నేహా, నువ్వు అడిగావుగా ఏం చదవాలని. మీ ఫౌండేషన్ ఇష్టపడే మాటలు చదువు. తలుపు మూసేదీ, తెరిచేదీ ఆ మాటలే.

గ్రెగ్ రెండు పేజీలు చదివి, మూడో పేజీలో డీజిల్ ఖర్చు దగ్గర ఆగాడు.

"రూత్, ఇది వ్యానా?"

అబద్ధం చెప్పడం అప్పటికే చాలించాను. "వ్యానే."

నన్ను చూశాడు. కాగితం మీదికి వంగి సంతకం పెట్టాడు.

వ్యాన్ నడవడం మొదలయ్యాక బోర్డు సమీక్ష జరిగింది. పెద్ద తెర మీద వీడియో కాల్. రోడ్డు పక్కన ఆపి ఉన్న వ్యాన్, స్టీరింగ్ ముందు నౌఫ్, పక్కన ఉమ్ ఖాలిద్, వెనక సీట్ల నిండా ఆడవాళ్లు, ఎవరిదో పసిబిడ్డ, ఒకటే గోల.

బోర్డు సభ్యుడొకాయన గొంతు సవరించుకుని, సాంస్కృతికంగా ఏం మారిందని అడిగాడు. నా వంటింటి అరబ్బీలోనే అనువదించాను.

ఉమ్ ఖాలిద్ వెనక్కి తిరిగి చూసింది. "అందరూ వచ్చారు" అంది.

ఆయన ఇంకేదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. "అద్భుతం. ముగించేముందు, మా కోసం ఆమె ఒక పాట పాడగలరా?"

ఏ మాట వాడాలో వెతుక్కుంటున్నాను. అంతలో బల్ల అటు చివరినుంచి గ్రెగ్ అన్నాడు.

"నో."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ముఖం ఎర్రబడింది కానీ కళ్లు తెర మీదే ఉన్నాయి.

ఉమ్ ఖాలిద్ ఆయన్ని చూసి మెల్లగా తల ఊపింది. నౌఫ్ ఇంజన్ స్టార్ట్ చేసింది. గ్రెగ్ అన్న ఆ ఒక్క మాటనూ నేను అనువదించాల్సిన పని లేకపోయింది.